పన్నెండేళ్ల పిల్లాడిని రింగ్ కింద పాతేయకండి

అండర్-14 బాస్కెట్‌బాల్ టోర్నమెంట్లలో ఎక్కడ చూసినా ఒకటే ఆట. జట్టులో అందరికంటే పొడుగు పిల్లాడిని రింగ్ కింద నిలబెడతారు. మిగతా నలుగురూ బాల్‌ని వాడి చేతికి అందేంత ఎత్తులో వేస్తుంటారు. వాడు తిరిగి బోర్డుకేసి కొడతాడు, పడకపోతే రీబౌండ్ తనే అందుకుని మళ్లీ కొడతాడు. కప్పు వస్తుంది, ఫొటో దిగుతారు. ఆ పిల్లాడికి జరిగిన నష్టం మూడు నాలుగేళ్లకు గానీ బయటపడదు.

మగపిల్లలు సగటున 13, 14 ఏళ్ల మధ్య, ఆడపిల్లలు 11, 12 ఏళ్ల మధ్య చకచకా పొడుగు పెరుగుతారు. కొందరికి ఇది ఏడాది రెండేళ్లు ముందే వస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది. 12 ఏళ్లకే అయిదడుగుల ఎనిమిది అంగుళాలున్నవాడు చాలాసార్లు ముందుగా పెరిగినవాడే, అందరికంటే ఎక్కువ పెరగబోయేవాడు కాదు. 17 వచ్చేసరికి అయిదడుగుల పదికో పదకొండుకో ఆగిపోతాడు. ఆ ఎత్తుతో జూనియర్స్‌లో గార్డుగానే, అంటే రింగ్‌కి దూరంగా ఉండి బాల్ నడిపించేవాడిగానే ఆడాలి. గార్డుకి ఎడమచేతి డ్రిబుల్ (బాల్‌ని నేలకి కొడుతూ తీసుకెళ్లడం) కావాలి, మీదకొస్తున్నవాడిని చూస్తూనే తల ఎత్తి పాస్ ఇవ్వాలి, రింగ్‌కి 6.75 మీటర్ల దూరంలోని మూడు పాయింట్ల గీత బయటనుంచి షాట్ వేయాలి. ఇవేవీ వాడికి రావు, ఎందుకంటే అయిదేళ్లూ వాడిని కీ (రింగ్ ముందు గీతలు గీసిన పెట్టె) దాటి బయటికి రానివ్వలేదు. ఇక పొట్టివాడని బెంచీకే పరిమితం చేసిన పిల్లాడు అదే వయసుకి ఆరడుగులు దాటతాడు, అయితే అప్పటికే ఆట మానేసి ఉంటాడు.

అమెరికా ఆటగాడు ఆంథొనీ డేవిస్‌ని చూడండి. హైస్కూల్ మొదట్లో ఆరడుగుల చిల్లర ఎత్తున్న గార్డు. బడి పూర్తయ్యేలోపు ఆరడుగుల పదికి చేరాడు. 2012లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా వెళ్లాడు. గార్డుగా నేర్చుకున్న డ్రిబులింగ్, షాట్ పెరిగిన ఎత్తుకి తోడయ్యాయి. ముందు సెంటర్‌గా, అంటే రింగ్ కింద ఆడేవాడిగా నిలబెట్టి తర్వాత గార్డు పనులు నేర్పిస్తామంటే కుదరదు.

అందుకే 14 ఏళ్ల దాకా పొజిషన్లే వద్దంటున్నాను. ఒక్కో క్వార్టర్‌లో ఒక్కో పిల్లాడు బాల్‌ని అవతలి రింగ్ వైపు తీసుకెళ్లాలి, పొడుగువాడితో సహా. మొదట్లో సగంసార్లు బాల్ పోగొట్టుకుంటాడు, మ్యాచ్‌లు ఓడిపోతారు. ఓడిపోనివ్వండి.

ఇక బాల్, రింగ్. పదేళ్ల పిల్లలకు కూడా 7 నంబర్ బాల్ ఇచ్చి 10 అడుగుల రింగ్‌కి వేయమనడం మన కోర్టుల్లో మామూలైపోయింది. 7 నంబర్ బాల్ సుమారు 600 గ్రాములు, 5 నంబర్‌ది 500 లోపే. 12 ఏళ్ల లోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌కి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా పెట్టింది 5 నంబర్ బాల్, 2.60 మీటర్ల రింగ్. పెద్దల రింగ్ 3.05 మీటర్లు. బరువు బాల్ అంత ఎత్తుకి చేరాలంటే పిల్లాడు దాన్ని నడుము దగ్గరికి దింపి, ఒళ్లంతా పక్కకి తిప్పి, రెండు చేతులతో విసురుతాడు. మోచెయ్యి బయటికి పోతుంది, పక్కన ఆనించాల్సిన చెయ్యి కూడా తోస్తుంది. ఆ అలవాటు వేలసార్లు చేశాక 16 ఏళ్లకు సరిచేయడం ఎంత కష్టమో ఏ కోచ్‌ని అడిగినా చెబుతాడు. రింగ్ దించే వీలు లేకపోతే గోడకి 2.60 మీటర్ల ఎత్తులో ఇనుప రింగ్ బిగించండి, వెల్డింగ్ షాపులో చేసిస్తారు. షాట్ ఒక మీటరు దూరం నుంచి మొదలుపెట్టి, ఒంటిచేత్తో పదింట్లో ఏడు పడ్డాకే ఒక అడుగు వెనక్కి జరపండి.

ప్రాక్టీసుదీ అదే కథ. 24 మంది, రెండు రింగులు, లే-అప్ (పరిగెత్తుకొచ్చి రింగ్ దగ్గర వేసే షాట్) లైను. రింగ్‌కి 12 మంది, ఒక్కొక్కరికి అయిదు సెకన్లు అనుకున్నా పిల్లాడికి నిమిషానికి ఒక్క లే-అప్ వస్తుంది. పావుగంటలో పదిహేను, మిగతా సమయమంతా నిలబడటమే. బదులుగా రెండు రింగుల దగ్గరా ముగ్గురితో ముగ్గురు ఆడాలి, మిగతా 12 మంది పక్క గీతల వెంట తలా ఒక బాల్‌తో ఎడమచేతి డ్రిబుల్, పివట్ (ఒక పాదం కదపకుండా తిరగడం), జంప్ స్టాప్ (దూకి రెండు పాదాల మీదా ఆగడం) చేయాలి. నాలుగు నిమిషాలకోసారి మార్చండి. ముగ్గురే ఉన్నచోట దాక్కోవడానికి వీలుండదు, ప్రతివాడూ బాల్ ముట్టుకోవాల్సిందే, డిఫెన్స్ చేయాల్సిందే.

పన్నెండేళ్లవాళ్లతో జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా కోర్టులో తలా ఒక చోటుని కాపలా కాయడం) ఆడించి గెలవడం నాకు మరీ బాధ కలిగిస్తుంది. ఆ వయసులో జోన్ ఎందుకు పనిచేస్తుందంటే, అవతలి పిల్లలకు బయటినుంచి షాట్ వేసే బలమూ, కోర్టు ఆ చివరికి పాస్ విసిరే బలమూ ఉండవు కాబట్టి. కీలో అయిదుగురిని నిలబెడితే చాలు, గెలిచేస్తారు. ఒక మనిషి ముందు నిలబడి పాదాలు జరపడం మాత్రం ఎవరికీ రాదు. ఎన్‌బీఏ, యూఎస్‌ఏ బాస్కెట్‌బాల్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా 11 ఏళ్ల దాకా మ్యాన్ టు మ్యానే, అంటే ఒక్కొక్కరు ఒక్కో ఆటగాడిని కాచే పద్ధతే ఆడించమంటాయి.

సిమెంటు కోర్టుల సంగతి కూడా చెప్పాలి. మూడు నెలలకోసారి పిల్లల ఎత్తు కొలిచి రాసిపెట్టండి. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లు దాటి పెరిగినవాడికి ఆ గట్టి నేల మీద దూకుళ్లు తగ్గించి, ఆ సమయం షూటింగ్‌కి, పాసింగ్‌కి ఇవ్వండి. మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ‘నొప్పులు మామూలే, ఆడరా’ అని తోయొద్దు, డాక్టర్‌కి చూపించండి.

మన దగ్గర తొమ్మిది, పది తరగతుల్లోనే చాలామంది ఆట ఆపేస్తారు. ఇంటర్‌కి వెళ్లాక చాలా కాలేజీల్లో కోర్టే ఉండదు. ఆడటానికి దొరికేవి ఆ నాలుగైదేళ్లే అన్నప్పుడు వాటిని బెంచీ మీదో, రింగ్ కిందో గడిపించడం అన్యాయం.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫీజు కట్టేముందు కప్పుల బీరువా చూడకండి. ప్రాక్టీసు జరుగుతుండగా పది నిమిషాలు గీత బయట నిలబడి, అక్కడున్న పిల్లల్లో ఒక్కడిని ఎంచుకుని వాడి చేతికి బాల్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఇరవై కూడా దాటకపోతే ఎందుకని కోచ్ సార్‌ని అడగండి. పొడుగు పిల్లలెవరైనా డ్రిబుల్ చేస్తూ కోర్టు దాటుతున్నారో లేదో కూడా చూడండి.