ఒహలా, ఇన్షా అల్లా ఒకటి కాదు
'అలా జరిగితే బాగుండు' అనే అర్థంలో వాడే స్పానిష్ మాట 'ఒహలా' నేరుగా అరబ్బీ 'ఇన్షా అల్లా' (దేవుడు తలిస్తే) నుంచే పుట్టిందని ఒక వ్యాసంలో తేల్చేశారు. అరబ్బీ మూలం అన్నంతవరకు ఒప్పుకుంటాను, మిగతాదానికి ఒప్పుకోను. స్పానిష్ భాషా సంస్థ అయిన స్పెయిన్ రాజ అకాడమీ నిఘంటువు చూపే మూలం, మధ్యయుగంలో స్పెయిన్‌లో మాట్లాడిన అండలూసియా అరబ్బీలోని 'లవ్ షా ల్లా'. దీని అర్థమూ 'దేవుడు తలిస్తే' అనే. అరబ్బీలో 'ఇన్', 'లవ్' రెండూ 'అయితే' అని చెప్పే మాటలే. 'ఇన్' జరగగలదానికి వాడతారు. 'లవ్'లో జరగడం అనుమానమే అన్న ధ్వని ఉంది. 'ఒహలా'లోనూ వినిపించేది జరుగుతుందో లేదో తెలియని ఆ ఆశే. మరి 'షా' ఎలా 'హా' అయింది? పాత స్పానిష్‌లో ఎక్స్ అక్షరంతో రాసి 'ఒషలా' అనే పలికేవారు. ఆ 'ష' పలుకు క్రమంగా గొంతులోకి జారి 'హ'లా మారింది. 1815లో అకాడమీ ఇలాంటి మాటల్లో ఎక్స్ తీసి, స్పానిష్‌లో 'హ'లా పలికే జే రాయమంది. పోర్చుగీసువారు మాత్రం నేటికీ 'ఒషలా' అనే అంటారు. అన్నట్టు, నాకు స్పానిష్ నేర్పినాయన పరమ నాస్తికుడు. వాన పడాలన్నా ఆయన నోట ఒహలాయే!