మూగ్ కాదండీ, మోగ్!

కరెంటుతో ధ్వని పుట్టించే వాద్యం సింథసైజర్‌కు పితామహుడు రాబర్ట్ మూగ్ మీద హాన్స్ ఫియెల్‌స్టాడ్ 2004లో తీసిన డాక్యుమెంటరీ చూశాను. చూసినవాడు ఊరుకోకూడదు కాబట్టి అభిప్రాయం చెబుతున్నాను. నా అర్హత ఏమిటంటే, ఇరవై ఏళ్లుగా ఆయన పేరు తప్పు పలుకుతున్నాను. ఈ విషయం మీద మాట్లాడేవాళ్లలో చాలామందికి ఉన్న అర్హత ఇదే.

ఆ ఇంటిపేరును ఇంట్లోవాళ్లు 'మోగ్' అనేవారు. ఆయన ఎన్నిసార్లు చెప్పినా లోకం 'మూగ్' దగ్గరే ఆగిపోయింది. ఇంగ్లీషువాళ్లకు ఇది ఉత్త ఉచ్చారణ గొడవే. తెలుగువాడికి మాత్రం నిద్ర పట్టదు. కరెంటుకు గొంతు ఇచ్చిన మనిషిని మూగ అనడమా? అసలు పేరులోనే 'మోగు' అని ఉండగా! కొమ్ముకీ ఓత్వానికీ మధ్య ఒక జీవితం నలిగిపోయింది. ఈ కోణాన్ని దర్శకుడు పూర్తిగా వదిలేశాడు. తెలుగు రాకపోవడం ఆయన మొదటి లోపం.

రెండోది కథానాయకుడి ప్రవర్తన. ఆవిష్కర్త అంటే అటకమీద అర్ధరాత్రి దాకా మేలుకోవాలి, వేళ్లు కాల్చుకోవాలి, అప్పులవాళ్లను చూసి పెరటి గుమ్మంలోంచి పారిపోవాలి. ఈయనేమో కూరగాయల తోటలో తిరుగుతుంటాడు. కార్నెల్‌లో డాక్టరేట్ చేసిన పెద్దమనిషి, ఎలక్ట్రానిక్ పరికరం లోపల ఏం జరుగుతోందో తనకు అనుభూతిలోకి వస్తుందని చెబుతాడు. అదీ ఎలా? బెండకాయ ముదిరిందో లేదో చెప్పేంత మామూలుగా. పక్కన వాద్యకారులు వరసగా వచ్చి తలలూపుతారు. మన సన్మాన సభల్లో శాలువాలు పట్టుకుని నిలబడేవాళ్లు గుర్తొచ్చారు.

ఇంతకీ ఆ సింథసైజర్ పెట్టె ఎలా మోగుతుంది? అది మాత్రం సినిమా విప్పి చెప్పదు. దర్శకుడికి తీరిక లేదు కాబట్టి నేనే చెబుతాను. ఆసిలేటర్ అనేది ముడి ధ్వని పుట్టిస్తుంది. ఫిల్టర్ దాన్ని చెక్కుతుంది. ఏది ఎప్పుడు ఎంత అన్నది వోల్టేజీ శాసిస్తుంది. 1964లో హెర్బర్ట్ డాయిష్ అనే స్వరకర్తతో కూర్చుని మూగ్ తయారుచేసిన పద్ధతి ఇదే. ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళుతుంది. మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి నన్ను ఎక్కించడానికి మా మాస్టారికి రెండేళ్లు పట్టింది, అదీ సగం దాకానే. ఈయన 1 వోల్టులో పని తేల్చేశాడు! సంగీత గురువులందరూ కలిసి కేసు వేయాల్సింది. అయితే ఆ తొలి యంత్రాలకు వేడెక్కితే శ్రుతి తప్పే అలవాటుంది. అంతవరకూ అవి అచ్చం విద్వాంసులే.

పైగా ఒకసారికి ఒక్క స్వరమే పలికేవి. వెండీ కార్లోస్ అనే స్వరకర్త, జర్మన్ విద్వాంసుడు బాఖ్ సంగీతాన్ని ఆ యంత్రం మీద వాయించి, ఒక్కో వరసగా టేపు మీద పేర్చి 1968లో రికార్డు విడుదల చేస్తే దానికి 3 గ్రామీలు వచ్చాయి. మూగ్ పేరు ఇంటింటికీ చేరింది ఆ రికార్డు వల్లే. ఆ కార్లోస్ ఈ సినిమాలో కనిపించదు. పెళ్లి వీడియో అంతా బాజాభజంత్రీలే ఉండి పెళ్లికూతురు లేనట్టుంది. 1970లో వచ్చిన చిన్న మోడల్ మినీమూగ్ గురించి కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ చెప్పే కథ ఒకటుంది. ఒక నటుడు మినీమూగ్ కొన్నాడట. ఒకేసారి రెండు మీటలు నొక్కితే ఒక్క స్వరమే వచ్చేసరికి చెడిపోయిందనుకుని సగం ధరకు వేక్‌మన్‌కు అమ్మేశాడట. ఏకపత్నీవ్రతాన్ని లోపం అనుకున్న మొదటి మనిషి కాదు లెండి ఆయన.

నాకు బాగా కోపం తెప్పించింది పేరు సంగతి. డెబ్బైల మొదట్లో ఆయన కంపెనీ చేతులు మారింది. 1977లో ఆయన బయటికి వచ్చాడు, ఇంటిపేరు మాత్రం లోపలే ఉండిపోయింది. సొంతంగా తయారుచేసిన పెట్టె మీద సొంత పేరు వేసుకోవడానికి లేదు. 2002లో గానీ పేరు తిరిగి రాలేదు. మన సినిమా అయితే ఇక్కడ ఇంటర్వెల్ పడి, రెండో సగంలో పదహారు సుమోలు గాల్లోకి లేచేవి. ఈయన ఎవరినీ తిట్టడు. పేరు వచ్చిన మూడేళ్లకు, 2005లో వెళ్లిపోయాడు. ఇలాంటి శాంతస్వభావంతో డాక్యుమెంటరీ తీస్తే ఏం నిలబడుతుంది చెప్పండి?

మొన్న ఒక పెళ్లిలో ఆర్కెస్ట్రా కుర్రాడు కీబోర్డు మీద సన్నాయి పలికిస్తున్నాడు. ఎడమచేత్తో చిన్న చక్రం తిప్పుతూ గమకాలు తీస్తున్నాడు. అలాంటి చక్రం మినీమూగ్‌కీ ఉండేది. ఉండబట్టలేక దగ్గరికి వెళ్లాను.

"బాబూ, ఇదంతా ఎవరి చలవో తెలుసా? మూగ్!"

"ఎవరు సార్, మూగాయనా?"

"మూగ్ కాదయ్యా, మోగ్! మోగ్!"

కుర్రాడు నొచ్చుకున్నాడు. "మోగుతూనే ఉంది కదండీ," అని వాల్యూమ్ ఇంకాస్త పెంచాడు.