పాపభయం సరే, ఆ తెరమీది మనిషి సంగతేమిటి?

మత విశ్వాసం గల మగవాళ్లు అశ్లీల వీడియోల గురించి మాట్లాడే తీరు నన్ను చాలాకాలంగా కలచివేస్తోంది. నేనూ దేవుణ్ణి నమ్మేవాణ్ణే కనుక, దీన్ని బయటివాడి దెప్పిపొడుపుగా తీసుకోవద్దని మనవి.

అందరూ పడుకున్నాక ఫోన్‌లో చూడటం, వెంటనే బ్రౌజర్ హిస్టరీ చెరిపేయడం, కన్నీళ్లతో ప్రార్థించి ఇక జన్మలో చూడనని ఒట్టు పెట్టుకోవడం, ఆ ఒట్టు తప్పగానే ‘ఎలాగూ పాడైపోయాను’ అనుకుని మళ్లీ అందులోకే దిగడం ఎందరో భక్తుల జీవితాల్లో రహస్యంగా సాగుతూనే ఉంటుంది. తనను తాను వ్యసనపరుడిగా భావించుకోవడం వెనుక, ఎంత చూస్తున్నాడన్న దానితో పాటు, అది తప్పన్న నమ్మకానికి కూడా పెద్ద పాత్ర ఉందని జాషువా గ్రబ్స్ వంటి మనస్తత్వ పరిశోధకులు చూపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11 కూడా, అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను రుగ్మతగా గుర్తిస్తూనే, కేవలం నైతిక అభ్యంతరం వల్ల కలిగే వేదన ఒక్కటే ఆ నిర్ధారణకు చాలదని స్పష్టం చేసింది.

అలాగని, మతాన్ని వదిలేస్తే బాధ పోతుందనే వాదనతో నేను ఏకీభవించను. మనస్సాక్షి గుచ్చుతున్నప్పుడు మనస్సాక్షినే తీసేయమనడం వైద్యం కాదు. నా అభ్యంతరమల్లా ఆ వేదన ఎవరి చుట్టూ తిరుగుతోందన్నదే. నా పవిత్రత, నా పతనం, నా మోక్షం అంటూ సాగే ఆ ప్రార్థనలో, తెరమీద కనిపించిన స్త్రీ తన ఇష్టంతోనే అక్కడ ఉందా, ఆమెకు తెలియకుండా ఎవరైనా ఆ దృశ్యాన్ని బయటపెట్టారా అన్న ప్రశ్న ఒక్కసారైనా వస్తుందా? కాథలిక్ సంఘపు ధర్మోపదేశ గ్రంథం 2354వ పేరాలో, అశ్లీల చిత్రణ అందులో పాల్గొన్నవారి గౌరవాన్ని తీవ్రంగా గాయపరుస్తుందని రాసి ఉంది. ఆ వాక్యం మీద ప్రసంగం నేనింతవరకూ వినలేదు.

గ్రంథాలు మగవాడి చూపునే నిలదీశాయి. మత్తయి సువార్త 5:28 మోహపు చూపునే హృదయంలోని వ్యభిచారమంది. ఖురాన్ 24వ అధ్యాయంలో చూపు దించుకోమన్న ఆజ్ఞ 30వ వాక్యంలో ముందు పురుషులకే వచ్చింది, స్త్రీల ప్రస్తావన ఆ తర్వాతిదే. ఇంద్రియాలను బిగబట్టి మనసులో విషయాలనే తలచుకునేవాణ్ణి గీత 3:6 మిథ్యాచారుడు, అంటే కపటి, అంది. ఇన్ని చదివిన పెద్దలు వేదికెక్కగానే ఆడవాళ్ల దుస్తుల మీదికి మళ్లుతారెందుకు?

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, ధైర్యం చేసి తన అలవాటు చెప్పుకున్న యువకుడికి ‘పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి’ అని ఇచ్చే సలహా. రాబోయే అమ్మాయికి ఈ సంగతి చెప్పరు. పెళ్లయ్యాక ఏదో ఒక రోజు భర్త ఫోన్‌లో ఆ వీడియోలు చూసి, తనలో ఏం లోపముందోనని కుమిలిపోతూ ఆమె అదే పెద్ద దగ్గరకు వెళితే, ఓర్చుకోమంటారు, ఇంకా ఎక్కువ ప్రార్థించమంటారు. అతని పశ్చాత్తాపం విన్నంత ఓపికగా ఆమె బాధను వినడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.