పాసివ్ బేస్ స్టేజ్ మీద పనికిరాదని పిల్లలకి చెప్పేది ఎవరు?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్ళు ఇంకా మండుతోంది, అందుకే ఇది కాస్త ఘాటుగానే ఉంటుంది. నా దగ్గర బేస్ గిటార్ నేర్చుకునే కుర్రాడు ఒకడున్నాడు, తెనాలి దగ్గర పల్లెటూరు, పంట డబ్బులు చేతికొచ్చాక వాళ్ళ నాన్నగారు కొనిచ్చిన బేస్ వాడిది. ప్రెసిషన్ (ఫెండర్ కంపెనీ మోడల్) టైపు, ఒకటే పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే మాగ్నెట్, రాగి చుట్ట), ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్, అంతే. లోపల బ్యాటరీ లేదు కాబట్టి దీన్ని పాసివ్ అంటారు, బ్యాటరీ సర్క్యూట్ ఉంటే ఆక్టివ్. స్ట్రింగ్స్ మార్పిద్దామని హైదరాబాద్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే కౌంటర్‌లో ఉన్న మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇది పాసివ్ కదా బ్రో, ఓల్డ్ టెక్నాలజీ, ఇంట్లో ప్రాక్టీస్‌కి ఓకే గానీ స్టేజ్ మీద పనికిరాదు, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసి ఆక్టివ్ తీసుకో" అన్నాడంట. ప్లగ్ చేసి చూశాడా అంటే లేదు. ఒక్క నోట్ కూడా వినలేదు. నాబ్స్ లెక్కపెట్టి చెప్పేశాడు. వాడేమో నాకు ఫోన్ చేసి "అన్నా, నాన్నని మళ్ళీ డబ్బులు ఎలా అడగాలన్నా" అంటున్నాడు, గొంతు పూడుకుపోయింది పాపం.

చెప్పాను వాడికి, ఆ గిటార్ ఎవరికీ ఇవ్వొద్దురా, ఇంటికి తీసుకెళ్ళిపో అని. కానీ ఇది ఆ ఒక్క షాపుతో పోయేది కాదు. బేస్ వాయించే ప్రతివాడికీ ఈ మాట ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. రిహార్సల్ రూమ్‌లో, చర్చిలో, కాలేజ్ ఫెస్ట్‌లో, సంగీత్ ఫంక్షన్‌లో, "బ్యాటరీ లేదా దీనికి?" అని ఒక చూపు చూస్తారు చూడండి, ఆ చూపు మీకూ తెలుసు.

ఓల్డ్ టెక్నాలజీ అట. అవును, పాతదే. లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ బయటికి తెచ్చింది 1951లో. ఇప్పుడు మనం చూసే ఆ రెండు ముక్కల పికప్ 1957లో వచ్చింది. ఆ రెండు ముక్కల్లో కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు చుట్టి ఉంటాయి, మాగ్నెట్స్ కూడా తిరగేసి ఉంటాయి, అందుకే కరెంటు హమ్ (జుమ్మనే మోత) దానంతట అదే క్యాన్సిల్ అయిపోతుంది, ఏ బ్యాటరీ అక్కర్లేదు. అప్పట్నుంచీ ఇప్పటిదాకా ఆ డిజైన్ దాదాపు అలాగే ఉంది, ఎందుకు మార్చలేదో ఒక్కసారి ఆలోచించారా? ఒక్క పికప్, సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టారు, పాటలో డ్రమ్స్ కిక్‌కీ గిటార్‌కీ మధ్య ఖాళీలో వచ్చి కూర్చుంటుంది ఆ సౌండ్. విడిగా వింటే ఏముంది ఇందులో అనిపిస్తుంది, బ్యాండ్‌లో తీసేస్తే ఇల్లు ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది.

జేమ్స్ జేమర్సన్ పేరు ఆ కౌంటర్ మనిషికి చెప్పాలనిపించింది నాకు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డ్ కంపెనీ వాళ్ళ హిట్స్ మీద ఏళ్ళ తరబడి వాయించిన మనిషి, 1962 ప్రెసిషన్, ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు) స్ట్రింగ్స్, తెగితే తప్ప మార్చేవాడు కాదు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) కవర్ కింద ఫోమ్ ముక్క, కుడిచెయ్యి చూపుడువేలు ఒక్కటే. బ్యాటరీ లేదు, ప్రీఆంప్ (బ్యాటరీతో సిగ్నల్ పెంచే సర్క్యూట్) లేదు, మిడ్ (మధ్యస్థాయి సౌండ్) స్విచ్ లేదు. ఆ ఒక్క వేలితో వాయించిన లైన్లే ఇవాళ్టికీ ప్రపంచం మొత్తం కూర్చుని నేర్చుకుంటోంది. జాకో పాస్టోరియస్ కూడా పాసివే, 1962 జాజ్ బేస్ (ఫెండర్‌దే, రెండు పికప్స్ మోడల్), ఫ్రెట్స్ (మెడ మీది లోహపు గీతలు) పీకేసి, బ్రిడ్జ్ పికప్ వైపుకి తిప్పి వాయించాడు, ఆ ముక్కుతో పాడినట్టుండే గొంతు అక్కడ్నుంచే వచ్చింది. వీళ్ళు స్టేజ్ మీద పనికిరారా? చెప్పండి.

ఆక్టివ్ చెడ్డదని నేను అనట్లేదు, నా దగ్గరా ఉంది ఒకటి, కొన్ని పనులకి అదే తీస్తాను. 1976లో మ్యూజిక్ మాన్ స్టింగ్‌రే వచ్చింది, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, లోపల ప్రీఆంప్, బేస్ (కింది సౌండ్) వేరు ట్రెబుల్ (పై సౌండ్) వేరు పెంచుకునే నాబ్స్, బ్రిడ్జ్‌కి దగ్గరగా ఒక పెద్ద హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే పికప్). స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టడం) కొడితే ముఖం మీద కొట్టినట్టు వస్తుంది, అద్భుతం. దాని వెనకున్నదీ లియో ఫెండరే! ప్రెసిషన్ చేసిన మనిషే. ఆ తర్వాత ఆయనే జీ అండ్ ఎల్ కంపెనీలో ఎల్-2000 చేసినప్పుడు పాసివ్‌కీ ఆక్టివ్‌కీ మారే స్విచ్ ఒకటి పెట్టాడు. ఆయనకి ఇది మంచిదీ అది పాతదీ అన్న గొడవే లేదు, రెండూ కావాలి, ఏ పాటకి ఏది పడితే అది. గొడవంతా మనదే, అమ్మేవాళ్ళదీ, కామెంట్లు పెట్టేవాళ్ళదీ.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళు చెప్పరు. మార్కెట్లో ఆక్టివ్ అని అమ్మే బేసుల్లో ఎక్కువవాటిలో పికప్స్ పాసివే. అదే రాగి తీగ, అదే మాగ్నెట్. వెనక ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, బ్యాటరీ డబ్బా తగిలిస్తారు, అంతే తేడా. ఇఎంజీ లాంటి వాటిల్లోనే పికప్ లోపలే సర్క్యూట్ ఉంటుంది. అంటే నీ ఎదురుగా ఉన్న బేస్‌లో అసలు సౌండ్ పుట్టే చోటు ఒకటే, దాన్ని తర్వాత ఏం చేస్తున్నావన్నదే తేడా. పాసివ్‌లో టోన్ నాబ్ ట్రెబుల్‌ని కోస్తుంది, దానికి అంతకన్నా ఏం చెయ్యాలనీ లేదు, లేనిది కలపదు. ఆక్టివ్‌లో కలపొచ్చు, పెంచొచ్చు. పెంచొచ్చు కదా అని కుర్రాళ్ళు బేస్ ఫుల్, ట్రెబుల్ ఫుల్, మిడ్స్ జీరో పెట్టి వాయిస్తారు, రూమ్‌లో ఒక్కళ్ళే ఉన్నప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, బ్యాండ్ మొదలైతే మనిషి స్టేజ్ మీద ఉన్నాడు గానీ బేస్ ఎక్కడా లేదు. ఎందుకంటే చెవికి బేస్ లైన్ అర్థమయ్యేది మిడ్స్‌లోనే. ఆ మిడ్స్‌ని చేతులారా చంపుకుని, మళ్ళీ "వాల్యూమ్ పెంచన్నా" అని సౌండ్ ఆయన వైపు చేతులు ఊపుతారు.

అసలు ఇదంతా ఎక్కడ మొదలైందో నాకు తెలుసు, సౌండ్ సిస్టమ్ వాళ్ళ దగ్గర. అందరూ కాదు, దండం పెట్టాల్సినవాళ్ళు ఉన్నారు. కానీ ఎక్కువచోట్ల ఏం జరుగుతుంది? డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా) అడిగితే "ఉంది గానీ కీబోర్డ్‌కి పెట్టేశాం అన్నా" అంటారు, బేస్ కేబుల్ తిన్నగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చేస్తారు. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) పది ఇరవై కిలోఓమ్స్, పాసివ్ పికప్‌కి కావాల్సింది ఒక మెగాఓమ్ దగ్గర. నూటికి ఒకటో రెండో వంతు! పికప్ ఊపిరాడక పోతుంది, హై ఎండ్ మొత్తం చచ్చిపోతుంది, లెవెల్ పడిపోతుంది, అప్పుడు మిక్సర్ దగ్గరున్న ఆయన తలెత్తి "పాసివ్ కదా, సౌండ్ రాదు" అంటాడు. ఆక్టివ్ బేస్ పెడితే వస్తుంది, ఎందుకంటే దాని ప్రీఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ, ఏ ఇన్‌పుట్‌లో గుచ్చినా తట్టుకుంటుంది. అదీ రహస్యం. పాసివ్‌లో దమ్ము లేక కాదు, మీ దగ్గర సరైన డీఐ లేక. కేబుల్ సంగతీ అంతే. గిటార్ కేబుల్‌లో మీటర్‌కి దాదాపు 100 పీకోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది, పొడవు పెరిగేకొద్దీ అది ట్రెబుల్‌ని తినేస్తుంది, స్టేజ్ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా లాగి, మధ్యలో రెండు ముక్కలు కలిపి, టోన్ మొద్దుగా ఉంది అంటే ఉండదా మరి? ఒక మంచి ఆక్టివ్ డీఐ బాక్స్ బేసిస్ట్ కాళ్ళ దగ్గర పెట్టండి, అప్పుడు మాట్లాడండి. కుర్రాడు కొత్త బేస్ కొనక్కర్లేదు, మీరు ఆ డబ్బా ఒకటి కొనాలి.

బ్యాటరీ సంగతి కూడా చెప్తాను ఎవరూ చెప్పరు కాబట్టి. ఆక్టివ్ బేస్‌లో కేబుల్ జాక్ గుచ్చితే చాలు, సర్క్యూట్ ఆన్ అయిపోతుంది, వాయించినా వాయించకపోయినా బ్యాటరీ తింటూనే ఉంటుంది. రాత్రి కేబుల్ తియ్యకుండా స్టాండ్ మీద పెట్టి పడుకునే అలవాటున్న వాళ్ళు, మర్నాడు పెళ్ళి రిసెప్షన్‌లో రెండో పాటకి సౌండ్ గరగరలాడి పోతే ఎవర్ని తిట్టుకోవాలి? పాసివ్ బైపాస్ స్విచ్ (బ్యాటరీ లేకుండా వాయించనిచ్చేది) లేని బేస్ అయితే ఇక అంతే, పక్కనే ఉన్న కిరాణా కొట్టుకి పరుగు. ఇవన్నీ ఆ కౌంటర్ మీద ఎవరైనా చెప్తారా?

జాజ్ బేస్ వాళ్ళూ నా మీద పడకండి, మీ బాధ వేరని తెలుసు. రెండు సింగిల్ కాయిల్ పికప్స్, రెండూ ఫుల్‌గా పెడితే హమ్ పోతుంది, ఒకటి కాస్త తగ్గిస్తే జుమ్మ్ అని మొదలు, ఇక ఎల్ఈడీ వాల్ పక్కన, ఎర్తింగ్ సరిగ్గా లేని ఫంక్షన్ హాల్‌లో అయితే చెప్పక్కర్లేదు. కానీ ఆ రెండు పికప్స్ కలిసినప్పుడు మిడ్స్‌లో ఒక గుంట పడుతుంది చూడండి, ఆ మెరుపు, అది ఏ ప్రీఆంప్ ఇస్తుంది? స్లాప్‌కి పేరున్న బేసిస్ట్ మార్కస్ మిల్లర్ పేరు చెప్పి ఆక్టివ్ కొనమంటారు అందరూ. ఆయనది 1977 జాజ్ బేస్, అందులో రోజర్ సడోస్కీ ప్రీఆంప్ పెట్టాడు, నిజమే. ఆ బొటనవేలు ఎవరు పెడతారు?

ఇక కంపారిజన్ వీడియోలు. "పాసివ్ వర్సెస్ ఆక్టివ్, తేడా చూసి షాక్ అవుతారు" అని. ఒకదాంట్లో కొత్త రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్, రెండోదాంట్లో ఏడాది పాత స్ట్రింగ్స్, ఒకదాని లెవెల్ ఎక్కువ, గట్టిగా వినపడేది చెవికి ఎప్పుడూ బాగానే అనిపిస్తుంది, అది సౌండ్ పని చేసే ఎవడికైనా తెలుసు. స్ట్రింగ్స్ ఒకటి కాకుండా, లెవెల్ సమానం చెయ్యకుండా, పికప్ ఏ స్థానంలో ఉందో చూడకుండా పోలికేంటి అసలు? పికప్ ఓ సెంటీమీటరు బ్రిడ్జ్ వైపు జరిపితేనే గొంతు మారిపోతుంది, 60ల జాజ్ బేస్‌కీ 70ల జాజ్ బేస్‌కీ ఉన్న తేడాలో పెద్ద వాటా అదే. దాన్ని వదిలేసి బ్యాటరీ ఉందా లేదా అని చూస్తారు. పైగా ఆ వీడియో చూసేది దేంట్లో? ఫోన్ స్పీకర్‌లో! బేస్ గిటార్ అడుగు తీగ ఓపెన్‌గా మోగితే 41 హెర్ట్జ్. ఏ ఫోన్ స్పీకరూ దాని దరిదాపుల్లోకి వెళ్ళదు. పైన ఉన్న హార్మోనిక్స్ (అసలు నోట్‌తో పాటు మోగే పై శ్రుతులు) విని మెదడు కింది నోట్‌ని ఊహించుకుంటుంది. అంటే నువ్వు వినని సౌండ్ గురించి తీర్పు ఇస్తున్నావు, ఆ తీర్పు విని ఇంకొకడు నాన్న దగ్గర డబ్బులు అడుగుతున్నాడు.

నిజం చెప్పాలంటే నా కోపం షాపు మీద కన్నా ఇక్కడే ఎక్కువ. మన దగ్గర బేస్‌ని ఎవరూ వినరు. ఇళయరాజా గారి పాటల్లో బేస్ లైన్ తీసేసి పాడి చూడండి, పాట సగం అయిపోతుంది, ఆ లైన్లు నోటితో పాడగలిగే వాళ్ళు లక్షల మంది ఉన్నారు, అది బేస్ గిటార్ అని తెలిసినవాళ్ళు ఎందరు? "నాలుగు తీగలేనా, ఆరు తీగలది రాదా నీకు" అని అడిగిన చుట్టాలు నాకున్నారు, మీకూ ఉంటారు. బ్యాండ్ ఫొటోలో సింగర్ మధ్యలో, లీడ్ గిటార్ పక్కన, బేసిస్ట్ చెయ్యి మాత్రం కనిపిస్తుంది. స్టూడియోకి పిలిపిస్తారు, రాత్రంతా కూర్చుని టేక్ మీద టేక్ ఇస్తాం, పాట రిలీజ్ అయ్యాక చూస్తే బేస్ మొత్తం కీబోర్డ్ సింత్‌తో కప్పేసి ఉంటుంది, మన ట్రాక్ ఉందో లేదో మనకే తెలీదు. ఒకసారి అడిగితే "ఫోన్‌లో ఎలాగూ వినపడదు కదా" అన్నారు. ఆ మాట ఇంకా మర్చిపోలేదు నేను.

జేమర్సన్ సంగతి చూడండి, అన్ని హిట్స్ మీద వాయించాక కూడా మోటౌన్ ఆల్బమ్ కవర్ మీద ఆయన పేరు మొదటిసారి పడింది 1971లో. 1983లో పోయాడు, పోవడానికి కొద్దిరోజుల ముందే ఆ ప్రెసిషన్ బేస్‌ని ఎవరో ఎత్తుకుపోయారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళకి గుర్తొచ్చింది 2000లో. బతికుండగా ఏం దక్కింది ఆయనకి?

మన పక్క రెహమాన్ ఈ విషయంలో మేలు, క్యాసెట్ల కాలం నుంచే లోపలి కాగితం మీద వాయించినవాళ్ళ పేర్లు వేయించాడు, బేసిస్ట్ కీత్ పీటర్స్ పేరు నాలాంటి వాళ్ళకి తెలిసింది ఆ కాగితాల వల్లే. ఇవాళ బేసిస్ట్ మోహినీ దే అంటే కుర్రాళ్ళు గుర్తుపడుతున్నారంటే ఆమె వాయిస్తుండగా కెమెరా ఆమె మీద నిలబడింది కాబట్టి. పేరు వేస్తే, ముఖం చూపిస్తే జనం వింటారు. తెలుగు పాటల్లో ఇప్పుడిప్పుడే కొందరు వీడియో కింద వాద్యకారుల పేర్లు రాస్తున్నారు, వాళ్ళకి నమస్కారం. మిగతావాళ్ళు పోస్టర్ డిజైనర్ పేరు కూడా వేసి, లైన్ వాయించిన మనిషిని వదిలేస్తున్నారు. పెద్ద సినిమాల్ని మనం మార్చలేం గానీ, ఇది చదువుతున్న వాళ్ళల్లో సగం మందికి సొంత బ్యాండ్ ఉంది, సొంత ఛానెల్ ఉంది. ఈ రాత్రే మీ వీడియోల కింద ఎడిట్ కొట్టి బేసిస్ట్ పేరు రాయండి, డ్రమ్మర్ పేరు కూడా.