ఆల్చిప్పల ఫ్రైకి రెండు నిమిషాలు చాలు

మీరు రాసిన ఆల్చిప్పల ఫ్రై వంటకం బాగుందండీ, కానీ అందులో ఆల్చిప్పల మాంసాన్ని ఐదు నిమిషాలు వేయించమన్నారు, నంచుకునే సాస్‌గా పచ్చి గుడ్డుతో మయొనైజ్ చేసుకోమన్నారు, ఈ రెండూ దయచేసి మార్చండి. నూనె 180 డిగ్రీల దాకా కాగితే నిమిషంన్నర, మహా అయితే రెండు నిమిషాలు, అంతకు మించితే రబ్బరులా సాగుతుంది. మా నల్లగొండకు సముద్రం దూరం, నాగార్జునసాగర్ చేపలంటే దొరుకుతాయి గానీ ఇవి హైదరాబాద్ నుంచి ఫ్రోజెన్ ప్యాకెట్ తెప్పించుకోవాల్సిందే. దాన్ని రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి, మంచు కరిగాక పొడి బట్టతో బాగా అద్దాలి, నీళ్లుంటే నూనె మొహం మీదికి చిమ్ముతుంది. తర్వాత మజ్జిగలో ముంచి, మక్కపిండి, మైదా సమంగా కలిపి అందులో దొర్లించి, జల్లెడలో వేసి దులపండి. ఎక్కువైన పిండి రాలిపోయి పైపూత పల్చగా, కరకరలాడుతూ వస్తుంది. మూకుట్లో కొన్ని కొన్నిగానే వేయాలి, అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నూనె చల్లారి పిండి దాన్ని పీల్చేస్తుంది.

ఇక సాస్. పచ్చి గుడ్డు మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో ఏడాది పాటు నిషేధించింది, కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఇంట్లో చేసినా ఉంటుంది కదా, పిల్లలున్న ఇంట్లో అసలొద్దు. గట్టి పెరుగును పల్చటి బట్టలో మూటకట్టి నీళ్లు కారనిచ్చి, దంచిన ఎల్లిగడ్డ, మిరియాల పొడి, ఉప్పు, కాస్త నిమ్మరసం కలపండి, ఎంత చిక్కగా ఉంటుందో చూడండి. మయొనైజే కావాలంటే ఒక వంతు చల్లటి పాలు, రెండు వంతుల నూనె బ్లెండర్‌తో గిలక్కొడితే సరి. ఆల్చిప్పలు దొరక్కపోతే రొయ్యలతోనూ ఇదే పద్ధతి.