విదేశీ పెట్టుబడి గారికి, భాగహారం వేసుకునే ఒక పేదవాడి లేఖ

పెట్టుబడి గారూ,

మళ్లీ వస్తున్నారట, సంతోషం. మీకంటే ముందు సంతకాల ఫోటో వస్తుంది, కింద ఇన్ని బిలియన్ డాలర్లని ఒక అంకె ఉంటుంది. దాన్ని జనాభాతో భాగించి నా వాటా ఎంతో చూసుకోవడం నాకు అలవాటైపోయింది. వాటా ఇంకా చేతికి రాలేదు కానీ భాగహారం మాత్రం బాగా వచ్చింది.

మీ గురించి కాస్త ఆరా తీశాను, ఏమనుకోకండి. ఒక కంపెనీలో బయటి దేశపు ఒక్క పెట్టుబడిదారు చేతికి కనీసం 10 శాతం ఓటు హక్కు వస్తే చాలట, మీరు వచ్చేసినట్టే రాసుకుంటారు. కొత్త ఫ్యాక్టరీ కట్టారా, ఉన్నదాన్నే కొని సగం మందిని ఇంటికి పంపారా అన్నది ఆ అంకె చెప్పదు. అంతకన్నా విచిత్రం ఇంకోటుంది. ప్రపంచమంతా మీ పేరు మీదున్న సొమ్ములో దాదాపు 40 శాతం, అంటే సుమారు 15 లక్షల కోట్ల డాలర్లు, పనీపాటా లేని ఉత్తుత్తి కంపెనీల గుండా తిరిగేదేనని 2019లో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) పత్రికలోనే రాశారు. అప్పటికి ఆరు లక్షల జనమున్న లక్సెంబర్గ్ అనే బుల్లి యూరప్ దేశం లెక్కలో ఉన్న మీ సొమ్ముకి నా భాగహారం వేస్తే మనిషికి 66 లక్షల డాలర్లు తేలింది! అక్కడివాళ్లకి కూడా చేతికి రాలేదనే అనుకుంటున్నాను.

సరే, మీరు నిజంగా ఒళ్లు వంచి దిగిన చోటే చూద్దాం. ఆఫ్రికాలోని జాంబియా అప్పుల్లో మునిగి రాగి గనులు అమ్ముకుంటున్నప్పుడు వెళ్లారు, తవ్వుకున్న ఖనిజానికి ప్రభుత్వానికిచ్చే రాయల్టీ 0.6 శాతం చాలన్నారు, ఆ కాగితాలు జనానికి చూపించలేదు. తర్వాత రాగి ధర ఆకాశానికి పోయినా ఆ 0.6 కదల్లేదు. 2008లో గానీ 3 శాతం కాలేదు, అదే ఏడు వేసిన అదనపు లాభాల పన్నునేమో కంపెనీలు గోల చేశాక, ధర కూడా పడ్డాక, మరుసటి ఏడాదే ఎత్తేశారు. దేశం లెక్కల్లో మాత్రం మీరు ఘనంగా వచ్చారు.

మీరు అడుగుపెట్టిన చోటల్లా ఇంతేనని అంటే నాకే పాపం. వియత్నాంలో పేదరికం బాగా తగ్గింది, మీ ఫ్యాక్టరీల్లో లక్షల మందికి పని దొరికింది. కానీ మీరు పెద్ద ఎత్తున వచ్చేలోపే వాళ్లు ఉమ్మడి పొలాలను రైతు కుటుంబాలకు పంచేశారు, పిల్లలకు చదువు చెప్పించారు, అంటే మీరొచ్చేసరికి ఇల్లు సర్దే ఉంది. మా పెద్దలేమో మీరొచ్చి సర్దుతారని భూమి, నీళ్లు, కరెంటు, పదేళ్ల పన్ను మినహాయింపు అన్నీ పళ్లెంలో పెట్టి గుమ్మంలో నిలబడ్డారు. అందుకే నా కోపంలో సగం వాళ్ల మీదే, మీరు బేరమాడారు, వాళ్లు ఆడలేదు.

ఒక్కటే అడుగుతాను. ఈసారి ఫోటోతో పాటు ఒప్పందం కాపీ కూడా బయటపెట్టించండి. అంతా అక్కర్లేదు, పన్ను, రాయల్టీ రాసిన పేజీ చాలు. భాగహారం నేను వేసుకుంటాను.

ఇట్లు,
మీ అంకెకి కింద ఉండే జనాభాలో ఒకడు