సంపత్ వినాయకుడి ముందు మంచుబండి

మా అన్నయ్య కొడుకు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాడు. పోయిన ఆదివారం ఫ్యామిలీ గ్రూపులో ఓ ఫొటో పెట్టాడు. తెల్లటి మంచులో పసుపు రంగు బండి, పక్కన బొటనవేలు పైకెత్తి వాడు. కింద ఒకటే ముక్క: "నా పాత స్నోమొబైల్ చారిటీకి ఇచ్చేశాను." పది నిమిషాల్లో గ్రూపు నిండా దండాలు. "మీ తాతయ్య చెయ్యే వచ్చిందిరా నీకు" అని మా పెద్దత్తయ్య కళ్లనీళ్ల బొమ్మలతో సహా రాసింది. వాడేదో సెల్‌ఫోన్ దానం చేశాడనుకుంది ఆవిడ. ఛార్జర్ కూడా ఇచ్చావా నాన్నా అని అడిగింది.

ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. స్నోమొబైల్ అంటే మంచు మీద పోయే బండి. ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా. నేలకి తగిలే చక్రం ఒక్కటీ ఉండదు. బరువు రెండు మూడు వందల కిలోలు. చాలా బళ్లలో ఇంజను వేడి దించేది కూడా మంచే, పట్టా తిరుగుతూ ఎగజిమ్మే మంచు. చలికి వేళ్లు కొంకర్లు పోకుండా హ్యాండిల్ లోపల హీటరు. మావాడుండే రాష్ట్రంలోనే, రోసో అనే చిన్న ఊళ్లో పోలారిస్ కంపెనీ 1954లో పుట్టింది. అక్కడ అది మనకి స్కూటర్ లాంటిది.

ఫోన్ చేసి అడిగాను. "చారిటీ వాళ్లు దాన్నేం చేసుకుంటార్రా? అనాథలు దాని మీద బడికెళ్తారా?"

"లేదు బాబాయ్. అమ్మేసి ఆ డబ్బు వాడుకుంటారు. నాకు ట్యాక్స్‌లో కొంత తగ్గుతుంది."

ఆ తగ్గడం కూడా నోటిమాట మీద కాదట. వస్తువుల రూపంలో ఇచ్చినదాని మీద 500 డాలర్లు దాటి తగ్గింపు అడిగితే 8283 అనే ఫారం నింపాలి. 5,000 దాటితే విలువ కట్టే నిపుణుణ్ని పెట్టుకోవాలి. బట్టలైతే వాడుకోదగ్గ స్థితిలో ఉంటేనే లెక్కలోకి వస్తాయని 2006లో చట్టమే చేసుకున్నారు. చిరిగిన బనీను ఇచ్చి పుణ్యం సంపాదించుకోవచ్చేమో గానీ, పన్ను మాత్రం తగ్గదు. కాబట్టి మావాడితో నాకు పేచీ లేదు.

పేచీ అంతా మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారితో. ఆయనకి ఆ ఫొటో చూపించడం నా తప్పే. "ఏం మనసండీ మీవాడిది! మనమూ ఏదన్నా చేద్దాం గురువుగారూ" అన్నారు. ఆ కళ్లలో వెలుగు చూశాక నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మావాడు బండిని అక్కడ అమ్మకానికి ఇవ్వకుండా ఈయనకే పంపి ఉంటే?

విశాఖలో బండి అన్నాక ముందు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి దగ్గరికి రావాలి. వ్యాన్‌లోంచి ఆరుగురు కుర్రాళ్లు దింపుతారు. మే నెల, పదకొండు గంటలు, చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్క. పూజారిగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "చక్రాలేవండీ?" అంటారు.

"ఉండవండీ."

"మరి నిమ్మకాయలెక్కడ పెట్టమంటారు?"

స్కీల కింద రెండు, పట్టా కింద ఒకటి పెట్టమంటారు సెక్రటరీగారు. "సెట్టు నాలుగండీ" అంటారు పూజారిగారు. ఆ నాలుగోది ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఐదు నిమిషాలు చర్చ. వెనక మూడు కార్లు, ఒక కొత్త ఆటో హారన్లు. చివరికి దాన్ని సీటు మీద పెడతారు. కుర్రాళ్లు ముందుకి తోస్తారు. స్కీ ఎక్కితే నిమ్మకాయ చితకదు, జారుతుంది. జారిన నిమ్మకాయలు రోడ్డు మీద దొర్లుకుంటూ పోతుంటే వాటి వెనక సెక్రటరీగారు, "శకునం, శకునం" అంటూ.

"ఏటి బాబూ ఇది, సముద్రంలోకెళ్తాదా?" అని ఆగిన ఒకాయన అడుగుతాడు. సమాధానంగా సెక్రటరీగారు స్టార్టు చేస్తారు. హారతి పూర్తయ్యేలోగా ఇంజను వేడెక్కి పొగలు కక్కుతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరచాల్సిన మంచు జగదాంబ జంక్షన్ దాకా వెతికినా జ్యూసు బండి మీద తప్ప దొరకదు. హ్యాండిల్ హీటరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈలోగా ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి అలవాటు కొద్దీ "హెల్మెట్ ఏదండీ?" అంటాడు.

లంబసింగి పంపిద్దామంటారు ఎవరో. అక్కడ చలికాలంలో గడ్డి మీద మంచు పేరుకున్న తెల్లారుజాములున్నాయి. అది ఫొటోకి సరిపోతుంది, బండికి సరిపోదు. ఇక మిగిలింది బీచ్. 31 ఏళ్లు నేవీలో చాకిరీ చేసిన కురుసుర జలాంతర్గామి 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియం అయింది. టీయూ-142 విమానం 2017లో దాని ఎదురుగా చేరింది. వాటి పక్కన "దాత: ఫలానా అపార్ట్‌మెంట్ వాసులు" అని బోర్డుతో మన మంచుబండి. ఉప్పుగాలికి నాలుగు నెలల్లో బండి తుప్పట్టిపోతుంది, బోర్డు మాత్రం కొత్తగా ఉంటుంది, ఏటా పెయింటు వేయిస్తారు కాబట్టి.

నవ్వుకున్నాను. రెండ్రోజులాగాక నిజంగా జరిగింది చూస్తే నవ్వు ఆగిపోయింది.

సెక్రటరీగారు తన ట్రెడ్‌మిల్ దానం చేశారు. బెల్టు చిరిగి, మోటారు కాలి, మూడేళ్లుగా తడి తువ్వాళ్లు ఆరేసుకున్న ట్రెడ్‌మిల్. (మా బాల్కనీలో ఎక్సర్‌సైజ్ సైకిల్ ఉంది, దాని మీదా తువ్వాళ్లే. ఆ సంగతి వదిలేయండి.) ఒట్టిపోయిన ఆవుని దానం ఇవ్వడమంటే ఇదే. తండ్రి అలాంటి ఆవుల్నే ఇస్తుంటే చూడలేక నచికేతుడు నోరు తెరిచాడు, యముడి దగ్గరికి పోవాల్సి వచ్చింది. నాకంత ధైర్యం లేదు, వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని వెళ్లాను.

అది ఆడపిల్లల హోమ్. ఇరవై రెండు మంది, ఒక హాలు. అందులోనే చదువు, భోజనం, పడక. ఆ హాల్లో ట్రెడ్‌మిల్ పెట్టారు. దానితోపాటు మా ఫ్లాట్ల నుంచి జిప్పు లేని స్కూలు బ్యాగులు, గడువు దాటిన దగ్గు మందు, రెండో తరగతి పిల్లలకి పదిహేనేళ్ల నాటి ఎంసెట్ గైడు. ట్రెడ్‌మిల్‌ని చేతికి అందించలేం కాబట్టి దాని ప్లగ్గు వైరు ఒక పాప చేతిలో పెట్టి ఫొటో తీశారు. ఎండ కళ్లలో పడుతుంటే ఆ పాప వైరు పట్టుకుని నవ్వింది, నవ్వమన్నారు కాబట్టి. ఆ తర్వాత సెక్రటరీగారు వార్డెన్‌గారిని 80జి రసీదు, అంటే ఆదాయపు పన్ను తగ్గించుకోడానికి చూపించే రసీదు అడిగారు, కొన్న ధర మీద. డబ్బిస్తేనే తప్ప వస్తువులకి 80జి వర్తించదని, నగదైనా రెండు వేలు దాటితే చెల్లదని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. ఆయన మొహం మాడిపోయింది.

నాకు హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12. ఊళ్లో నిలబడ్డ చెట్టు లేదు, కరెంటు లేదు, నీళ్లు లేవు. ఆ వారం ఓ స్కూలు వరండాలో సాయంగా వచ్చిన మూటలు విప్పే పని నాది. పులిహోర పొట్లాలు కట్టి పంపిన ఊళ్లున్నాయి, వాళ్లకి దండం. ఒక మూటలో గళ్ల చొక్కా దొరికింది. గుడ్డ గట్టిదే, కాలరు కూడా అరగలేదు. జాలరిపేట నుంచి వచ్చిన ఓ పెద్దాయన తొడుక్కున్నాడు. బొత్తాలు లేవు. ఊడిపోలేదు, కత్తిరించారు. ఆరు చోట్లా దారం ముక్కలు కత్తెర గాటుతో నిలబడి ఉన్నాయి. ఆయన ఎడం చేత్తో చొక్కా ముందు భాగం కలిపి పట్టుకుని, కుడిచేత్తో బియ్యం సంచి అందుకున్నాడు.

ఎవరివయ్యా నువ్వు? తీరిగ్గా కూర్చుని, కత్తెర తెచ్చుకుని, ఒక్కొక్క బొత్తాం జాగ్రత్తగా తీసి డబ్బాలో వేసుకున్నావే, ఆరింటికీ కలిపి పది రూపాయలుంటుందా? ఇల్లు కొట్టుకుపోయినవాడు ఎలా ఉన్నా తొడుక్కుంటాడులే అనుకున్నావా? ఇవ్వకపోతే ఎవరూ నిన్ను అడగరు. ఇంట్లో పెట్టుకో, బూజు దులుపుకో. మీ ఇంటి చెత్తకి మా ఊరి కష్టం కుండీ కాదు! మా అన్నయ్య కొడుకు బండితోపాటు తాళంచెవి కూడా ఇచ్చాడు.

నిన్న సాయంత్రం లిఫ్టు దగ్గర సెక్రటరీగారికి హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. "సార్, ఆ మెషీను కాస్త తీసుకెళ్తారా? రాత్రిపూట పిల్లలు పడుకోడానికి చోటు చాలట్లేదు. ఆటో ఖర్చు మేమే పెట్టుకుంటాం."

"అయ్యో, ఇచ్చిన దానం వెనక్కి తీసుకుంటే మాకు పాపం చుట్టుకుంటుందమ్మా" అని ఫోన్ పెట్టేసి, ఆయన నావైపు తిరిగారు.

"గురువుగారూ, మీ బాల్కనీలో సైకిల్ ఒకటుండాలే?"